నాలుగింటికి మెలకువ

మా ఆవిడ నన్ను అడిగింది ఒక్క రాత్రి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో తనకోసం ఇది కావాలని ఆమె నోరు తెరిచి అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలా అడిగిన ఆ ఒక్క రాత్రినీ నేను పాడుచేశాను. అందులో కొంత నా మొండితనం, కొంత నా పిసినారితనం. ఆ రెండూ ఆమెకు అప్పుడే తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. దాన్ని ఏడాదికి పైగా కడుపులో పెట్టుకుని తిరిగాను. చెప్పాక కూడా దాని బరువు తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరంటే అమెరికాలో చాలామంది తెలుగువాళ్లు గుర్తుపడతారు. నాది తెనాలి. ఆమెది ఆళ్లగడ్డ. అహోబిలం వెళ్లినవాళ్లు చాలామంది ఆ ఊరు దాటే ఉంటారు. రోడ్డు పక్కన వరసగా షెడ్లు, షెడ్ల ముందు సగం లేచిన వినాయకులు, ద్వారపాలకులు, నందులు, రాతిపొడి పట్టి కనుబొమ్మలు తెల్లబడిన మనుషులు. మా మామగారు అలాంటి షెడ్డులోనే నలభై ఏళ్లు ఉలి పట్టారు. నంది చెక్కడంలో ఆయనది పేరున్న చెయ్యి. గుడి కట్టేవాళ్లు మిగతా విగ్రహాలు ఎవరికి అప్పజెప్పినా నందిని మాత్రం ఆయన్నే చెయ్యమనేవారట.

చిన్నప్పుడు మధ్యాహ్నం నాయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్లి, ఆయన తిని చేయి కడుక్కునేదాకా షెడ్డు అంచున నిలబడి ఆమె ఆ పని చూసేది. తమ్ముళ్లకు ఉలి దొరికింది, ఆడపిల్లకు దొరకలేదు. "నేనూ అడగలేదులే. అడగొచ్చని తెలిస్తే కదా" అంటుంది. రాయిని ఎట్లా కూర్చోబెడతారో, జాజుతో గీత ఎట్లా వేస్తారో, మొదట పెద్ద పెచ్చులు ఎట్లా లేపుతారో, మొద్దుబారిన ఉలిని కొలిమిలో పెట్టి ఎట్లా సాగగొడతారో అన్నీ చెబుతుంది. ఆమె చూడనివి కళ్ళు. విగ్రహం కాలి గోళ్లతో సహా పూర్తయినా కళ్ళు మాత్రం ఆఖరుకు ఉంచుతారు. మా మామగారు వాటిని తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, ఒక్కరే కూర్చుని తీసేవారు. ఇంట్లోవాళ్లెవరూ ఆ వేళకు అటు పోకూడదు. పొద్దున్న వెళ్లి చూస్తే, నిన్నటిదాకా రాయిగా ఉన్నది ఆమె వైపు చూస్తుండేది. తను నిద్రపోతుండగా అది ఎట్లా జరిగిందో ఆమెకు తెలియకుండానే పెళ్లయి వచ్చేసింది. ఆయన 2017లో పోయారు.

2019లో దసరా రోజుల్లో ఆమె ఫోనులో ఒక వీడియో చూసింది. కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల మధ్య బ్రెకెన్‌రిడ్జ్ అని చిన్న ఊరు. 1859లో బంగారం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కట్టుకున్నది. ఏటా జనవరి చివర్లో అక్కడ మంచు శిల్పాల అంతర్జాతీయ పోటీ జరుగుతుంది. అద్దంలా మెరిసే ఐసు గడ్డల్ని కోసి చేసే బొమ్మలు వేరు, ఇవి వేరు. ఇది ఉత్త మంచు, చేతిలోకి తీసుకుంటే పిండిలా రాలేది. యంత్రాలతో చేసిన మంచును పెద్ద పెద్ద చెక్క అచ్చుల్లో పోస్తారు. ఊరివాళ్లు అందులోకి దిగి బూటుకాళ్లతో తొక్కుతారు. మళ్లీ పోస్తారు, మళ్లీ తొక్కుతారు. అలా నొక్కుకుపోయిన రేణువులు కదలకుండా ఉంటే ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అచ్చు విప్పితే 12 అడుగుల ఎత్తు దిమ్మ నిలబడుతుంది. బరువు 20 టన్నుల పైమాటే. దేశదేశాల నుంచి వచ్చిన జట్లు, జట్టుకు నలుగురు చొప్పున, దిమ్మకొకటిగా దిగుతాయి. కరెంటు పనిముట్టు వాడకూడదు. లోపల కర్రగానీ ఇనుప చువ్వగానీ పెట్టకూడదు. రంగు కలపకూడదు. సోమవారం మొదలుపెడితే శుక్రవారం ఉదయం 9 గంటలకు చేతులు ఆపేయాలి. గురువారం రాత్రి పోటీ మైదానంలో చాలామంది నిద్రపోరు.

ఆ ఆఖరి మాట దగ్గర ఆమె వీడియో ఆపి నా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లు నాతో ఉండి ఆమె మాట కోస్తా వైపు తిరిగింది. మనసులోది చెప్పేటప్పుడు మాత్రం ఆళ్లగడ్డ వచ్చేస్తుంది. "రేయంతా చెక్కుతారంట. ఎవురైనా పోయి నిలబడి చూడొచ్చంట. ఆ రేయి మనం ఆడ ఉండాల. చూడాల" అంది.

"పూర్తయ్యాక పోదాంలే. సగం చెక్కినవి చూసేదేముంది?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను లాప్‌టాప్ నుంచి తల కూడా ఎత్తలేదు. ఆళ్లగడ్డ షెడ్డు, క్యారియర్ పట్టుకుని నిలబడ్డ పిల్ల, తెల్లారేసరికి తెరుచుకున్న కళ్ళు, ఇవన్నీ నాకు చెప్పిన మనిషే ఎదురుగా నిలబడి ఉంది. విన్న కథ ఒకవైపు, అడుగుతున్న మనిషి ఒకవైపు. రెండింటినీ కలిపి చూడలేకపోయాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొదటి గాటు నుంచి ఆఖరి గాటు వరకు ఉందామంది ఆమె. శనాదివారాలు చాలన్నాను నేను. నాకు సెలవులకేం కరువు లేదు. ఆ ఏడు వాడకుండా మిగిలిపోయినవి పదకొండు రోజులున్నాయి. ఇండియాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఉంటాయని దాచుకోవడం నాకు అలవాటు. రేపటి భయంతో దాచిందంతా ఆమె ఇవాళ్టిలోంచి తీసిందేనని తోచలేదు. బేరమాడి బేరమాడి గురువారం దగ్గర తెగింది. 2020 జనవరి 23, పొద్దున విమానం. ఆదివారం తిరుగు ప్రయాణం. తను అడిగిన రాత్రి దక్కింది కదా అని ఆమె సంతోషంగానే ఒప్పుకుంది.

లైబ్రరీలో ఆమెతో పనిచేసే ఒకావిడ కొలరాడోలో పెరిగిన మనిషి. అంత ఎత్తుకు ఒక్కరోజులో ఎక్కకండి, డెన్వర్‌లో ఒక రాత్రి పడుకుని వెళ్లండి, నీళ్లు బాగా తాగండి, మొదటిరోజు మందు ముట్టకండి అని చెప్పి పంపింది. ఆమె ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. మా ఫ్రిస్కో సముద్రమట్టానికి ఏడెనిమిది వందల అడుగుల ఎత్తున ఉంటుంది. డెన్వర్ 5,280. బ్రెకెన్‌రిడ్జ్ 9,600. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో 70 శాతమే, కాబట్టి ఎంత గట్టిగా పీల్చినా ఊపిరిలోకి వచ్చే ప్రాణవాయువు తక్కువ. దానికి ఒళ్లు అలవాటుపడాలంటే టైము ఇవ్వాలి. బుధవారం బయల్దేరితే సరిపోయేది. ఇంకొక్క సెలవు, ఒక హోటల్ గది అద్దె. "అలిపిరి నుంచి 3,550 మెట్లు నాలుగుసార్లు నడిచి ఎక్కాను, నాకేమవుతుంది" అన్నాను. తిరుమల ఎత్తు దాదాపు మూడు వేల అడుగులే. మెట్లెక్కే సత్తువ ఉన్నంత మాత్రాన పల్చటి గాలి ఒంటికి పడుతుందని లేదు, రోజూ పరుగెత్తే కుర్రాళ్లకూ ఈ జబ్బు రావచ్చు. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసినా ఆ సెలవు పెట్టి ఉండేవాణ్ని కానేమో. అసలు విషయం సెలవు.

విమానంలో కూర్చున్నంతసేపూ ఆమెకు నేను చదువుకొచ్చింది చెప్పాను. జపాన్‌లో సప్పోరో మంచు పండగ 1950లో మొదలైందని, ఓదోరి పార్కులో బడిపిల్లలు ఆరు మంచు బొమ్మలు చేస్తే అది అలా పెరిగిందని, 1955 నుంచి అక్కడి సైనికులు కూడా దిగి మేడంత బొమ్మలు కట్టడం మొదలుపెట్టారని, 1972 ఒలింపిక్స్ ఆ ఊళ్లో జరిగాక ప్రపంచమంతా తెలిసిందని. ఆమె కిటికీ పక్కన కూర్చుని వింది. "ఆ పిల్లోళ్లకు ఎవురు నేర్పించినారో" అంది ఒకచోట. ఆ మాట దగ్గర ఆగాల్సింది. నేను చైనాలో హార్బిన్ సంగతి ఎత్తుకున్నాను, సుంగారి నది గడ్డకడితే ఆ గడ్డలు కోసుకొచ్చి ఎట్లా కోటలు కడతారో చెప్పాను.

డెన్వర్‌లో కారు తీసుకుని కొండల్లోకి వంద మైళ్లు. దారిలో ఎక్కడా ఆగలేదు. ఐసెన్‌హవర్ సొరంగం 11 వేల అడుగుల ఎత్తున ఉంటుంది, కొండ లోపల దాదాపు 1.7 మైళ్ల దారి. అందులో చెవులు దిబ్బెళ్లు వేశాయి. అవతల దిగాక ఫ్రిస్కో అని ఊరొస్తుంది. మా ఊరి పేరే. ఆ బోర్డు దగ్గర ఒక ఫొటో తీసుకుని నీళ్లు కొనుక్కుందాం అంది ఆమె. ఇంకెంతసేపు, దగ్గరికొచ్చేశాం అన్నాను. ఆమె చేతిలో ఉన్న సీసాలో అడుగున మిగిలిన నీళ్లు నాకిచ్చింది. తాగేశాను.

మూడున్నరకు ఆ మైదానంలోకి అడుగుపెట్టాం. అక్కడ గడిపిన ఆ గంటా గంటన్నర గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. అంతకుమించి ఆమెకు మిగలలేదు కూడా. పడమటి కొండల మీదికి ఎండ వాలుతోంది. దిమ్మలన్నీ అప్పటికే దిమ్మలు కావు. ఒకదాని కడుపులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఇంకొకటి ఒంటికాలి మీద లేస్తోంది. ఎండ తగిలే వైపు టార్పాలిన్లు కట్టారు, మంచు మెత్తబడకుండా. శిల్పులు నిచ్చెనల మీద, పరంజా మీద, కొందరు తాము తొలిచిన గుంతలోనే ముడుచుకుని పడుకుని పైకి చెక్కుతున్నారు. రంపాలు, పారలు, వెడల్పాటి ఉలులు. కోళ్లగూటికి కొట్టే తీగవలను మడిచి పట్టుకుని ఒకాయన ఒక వంపు మీద మెల్లగా రుద్దుతున్నాడు. కిందికి తెల్లటి పొడి జల్లెడలోంచి రాలినట్టు రాలుతోంది. "మా నాయన ఆఖర్న శానరాయి పెట్టి రుద్దినట్టే" అంది.

ఆమెకు మొదట కొత్తగా తోచింది చప్పుడట. రాయి మీద ఉలి పడితే ఠంగుమని ఊరంతా వినిపిస్తుంది. ఇక్కడ అంతమంది పనిచేస్తున్నా గీరుడే తప్ప చప్పుడు లేదు. ఒకచోట అంచు విరిగితే మంచును నీళ్లతో ముద్దచేసి అతికారు. దాన్ని కళ్లార్పకుండా చూసింది. "రాయి పెచ్చు ఎగిరిందా, అంతే. మా నాయన రెండు దినాలు అన్నం తినల్యా, ఒకసారి నంది కొమ్ము పొయ్యి" అంది. ఇంకొంచెం ముందుకు వెళ్లాక నా మోచేయి పట్టుకుని ఆపింది. పరంజా మీద కూర్చుని ఒక ముఖం చెక్కుతున్నది ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి. ముక్కు వచ్చింది, పెదవులు వచ్చాయి, కళ్ళున్న చోట రెండు నున్నటి గుంతలున్నాయి. "ఇంకా తీయల్యా" అంది మా ఆవిడ గుసగుసగా. చేతితొడుగు తీసి, కింద పడ్డ మంచు పెచ్చు ఒకటి ఏరుకుని అరచేతిలో పెట్టుకుంది. అది కరిగేదాకా ఆ చెయ్యి మూయలేదు.

ఐదు దాటాక ఎండ కొండ వెనక్కి వెళ్లింది. చలి ఒక్కసారిగా పట్టుకుంది. ముందు తినేసి వద్దాం, ఎనిమిదింటికి వచ్చి రాత్రంతా ఇక్కడే ఉందాం అన్నాను. "మీరు పోయి తినండి. నేను ఈడే ఉంటా" అంది. కొత్త ఊళ్లో నిన్నొక్కదాన్నే వదిలేసి ఎట్లా పోతానన్నాను. నిజానికి నాకు ఒక్కణ్నే కూర్చుని తినడం ఇష్టం లేదు. దానికి ఆమె క్షేమం అని పేరు పెట్టాను. తీరా వెళ్తే, బల్ల దొరకడానికే గంట కాచుకున్నాం. ఆమె రెండుసార్లు టైము చూసుకుంది. నేను ఒక బీరు తాగాను, రెండోది కూడా తెప్పించుకున్నాను.

ఎనిమిదింటికి హోటల్‌కు వచ్చి మందపాటి కోట్లు వేసుకుంటుండగా తలనొప్పి మొదలైంది. పది నిమిషాల్లో తలలోకి మేకు దిగగొట్టినట్టయింది. తర్వాత వాంతులు. నిలబడితే గది తిరుగుతోంది, పడుకుంటే ఊపిరి చాలడం లేదు. ఆమె కిందికి పరుగెత్తి హోటల్‌వాళ్లను అడిగింది. వాళ్లకిది రోజూ చూసే జబ్బు. పడుకోబెట్టండి, గుక్క గుక్కగా నీళ్లు పట్టండి, కదలకుండా ఉన్నప్పుడు ఆయాసం వచ్చినా, మాట తడబడినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నారు. పక్క షాపులో చిన్న డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ కొనుక్కొచ్చింది. తడిగుడ్డ నుదుట వేసింది. కోటు విప్పి కుర్చీకి తగిలించి నా పక్కన కూర్చుంది.

మా కిటికీలోంచి ఆ మైదానం కనిపించదు. అటువైపు ఇళ్ల కప్పుల పైన వెలుగు మాత్రం కనిపిస్తుంది. రాత్రి పనికి వేసిన పెద్ద దీపాల వెలుగు. నడిచి వెళ్తే పది నిమిషాలు. ఆమె అప్పుడప్పుడూ తల తిప్పి అటు చూడటం రెప్పల సందులోంచి నాకు తెలుస్తూనే ఉంది. పదకొండింటికి ఒకసారి "నువ్వు వెళ్లి చూసిరా, నేను పడుకుంటాను" అన్నాను. అన్నప్పుడు ఆమె చేయి నా చేతిలో ఉంది. ఆ చేయి వదల్లేదు. ఆమె వెళ్లదని తెలిసే అన్నాను. "మిమ్మల్నిట్ల ఇడిసిపెట్టి యాడికి పోతా" అంది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఎప్పుడో నిద్రపట్టింది. మెలకువ వచ్చి చూస్తే గడియారంలో నాలుగు. తలనొప్పి చాలా తగ్గింది. కళ్ళు తెరిస్తే గది కదలడం లేదు. లేచి కూర్చోగలిగేవాణ్ని. ఆమె కుర్చీలోనే ఉంది, నిద్రపోలేదు. తల కిటికీకి ఆనించి ఆ వెలుగు వైపు చూస్తోంది. నేను కదిలిన అలికిడికి ఇటు తిరిగి, "ఎట్లుంది? నెమ్మదించిందా?" అని అడిగింది. ఆ అడగడంలో ఒక ఆశ ఉంది. అది నాకు వినిపించింది. చీకట్లో ఆమె చేయి అప్పటికే కుర్చీకి తగిలించిన కోటు మీదికి పోయింది.

"లేదు. అట్లాగే ఉంది" అన్నాను.

ఎందుకన్నాను? మళ్లీ వస్తుందేమో, ఒక్కణ్నే ఉండగా ఊపిరాడకపోతే ఎట్లా అని భయం వేసింది. ఆ భయం ఉన్నమాట నిజం. కానీ భయంగా ఉందని చెప్పొచ్చు. ఒక గంట ఆగి వెళ్లు అనొచ్చు. కోటు వేసుకుని నేనూ వస్తాను, మెల్లగా నడుద్దాం అని కూడా అనొచ్చు, ఆ మాత్రం ఓపిక ఉంది. ఇవేవీ నోటికి రాలేదు. అబద్ధం ఒక్కటే వచ్చింది. ఆమె చేయి కోటు మీంచి వెనక్కి తీసుకుంది. లేచి వచ్చి గుడ్డ మళ్లీ తడిపి నా నుదుట వేసింది. ఆ చల్లదనం నాకిప్పటికీ గుర్తుంది. కళ్ళు మూసుకుని, నొప్పి ఉన్న మనిషిలా పడుకున్నాను.

పదింటికి వెళ్లాం. పని ఆగిపోయింది. టార్పాలిన్లు తీసేశారు, నిచ్చెనలు తీసేశారు, కింద పొడి, పెచ్చులు శుభ్రంగా ఊడ్చి ఎత్తేశారు. శిల్పాలు అద్భుతంగా ఉన్నాయి. ఆ మాట చెప్పకపోతే వాటిని చేసినవాళ్లకు అన్యాయం చేసినట్టు. మంచు పల్చగా చెక్కినచోట ఎండ లోపలికి దిగి లేత నీలంగా మెరుస్తోంది. ఇరవై టన్నుల దిమ్మ గాలికి ఎగిరే బట్టలా ఎట్లా మారిందో బుద్ధికి అందదు. చుట్టూ జనం, పిల్లలు, కెమెరాలు. నేను రెండు వందల ఫొటోలు తీశాను. "చూశావా, పూర్తయ్యాకే బాగున్నాయి" అన్నాను.

ఆమె ఆ ముఖం ముందు నిలబడి ఉంది. కళ్ళు తెరుచుకున్నాయి. పై రెప్ప నీడ కింది రెప్ప మీద పడి, లోపల నిజంగా చూపు ఉన్నట్టే ఉంది. చెక్కినావిడ అక్కడ లేదు, పడుకోవడానికి వెళ్లిపోయి ఉంటుంది. మా ఆవిడ చాలాసేపు చూసి, "పొద్దున్న లేచి పోతే ఇట్లే ఉండేది" అని మాత్రం అంది. నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఇంకో రెండు ఫొటోలు తీశాను.

తిరిగి వచ్చిన రెండు నెలలకే కోవిడ్ వచ్చి అందరం ఇళ్లల్లో పడ్డాం. ఆ రాత్రి సంగతి ఇద్దరం ఎత్తలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కు ఎన్నో ఏళ్లుగా ఎరగనంత చలి వచ్చింది. 14వ తేదీ ఆదివారం మంచు పడింది. మంగళవారం తెల్లవారుజామున డాలస్‌లో ఫారెన్‌హీట్ సున్నాకు రెండు డిగ్రీలు కిందికి పోయింది. కరెంటు పోయి వస్తోంది, వచ్చి పోతోంది. ఇంట్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. సోమవారం మధ్యాహ్నం ఆమె లేచి, చలిబట్టలు దాచే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేసి పెరట్లోకి తీసుకెళ్లింది. పెరడంతా నాలుగంగుళాల మంచు, పొడిగా, పట్టుకుంటే ముద్దకట్టనిది. పారతో ఎత్తి డబ్బాలో పోసింది, నీళ్లు చిలకరించింది, అందులోకి దిగి తొక్కింది. మళ్లీ పోసింది. మళ్లీ తొక్కింది. నిండాక అలాగే వదిలేసి లోపలికి వచ్చి, "రేపటికి బిగుస్తుంది" అంది.

మర్నాడు డబ్బా బోర్లించి తీస్తే దిమ్మ నిలబడింది. ముందు చెంచా కొసతో గీతలు వేసింది. తర్వాత కూరలు తరిగే కత్తి, అట్లకాడ, కొబ్బరి తురిమే పీట. పెద్ద పెచ్చులు ముందు లేపింది. మోపురం వచ్చింది, మెడ కింద గంగడోలు మడతలు వచ్చాయి, ముడుచుకున్న ముందుకాలు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ ఎవరూ చేతికి ఉలి ఇవ్వనిది, వాళ్ల నాయన నందిని చెక్కుతోంది. చీకటి పడ్డాక నేను టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డాను. వేళ్లు కొంకర్లు పోతున్నా చేయి మార్చుకుంటూ నిలబడ్డాను. రాత్రి పదింటికి మువ్వల పట్టెడ కూడా పూర్తయింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కత్తి, అట్లకాడ మంచులో గుచ్చింది.

"కళ్ళో?" అన్నాను.

"అవెట్ల తీస్తారో నేను చూడల్యా కదా" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు చెప్పాను. నాలుగింటికి మెలకువ వచ్చిందని, తల తేలికగానే ఉందని, ఆమె చేయి కోటు మీదికి పోవడం చూశానని, చూసి కూడా అట్లాగే ఉందని అన్నానని. టార్చిలైటు నంది మోపురం మీద పడుతోంది. ఆమె నా వైపు తిరగలేదు.

"నాలుగింటికా?" అంది.

"నాలుగు."

కాసేపు ఊరుకుంది. లెక్కపెడుతోందని నాకు తెలిసింది. "తొమ్మిదింటిదాకా చెక్కినారు" అంది. "అయిదు గంటలు."

లోపలికి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. నేను బయటే ఉన్నాను. తర్వాత రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ మౌనంలోకి క్షమించమనే మాట తోసుకుపోయేంత ధైర్యం నాకు లేకపోయింది, ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. శుక్రవారం ఎండ వచ్చింది. వంటింటి కిటికీలోంచి నంది కొమ్ములు ముందు జారిపోవడం చూశాను. తర్వాత చెవులు. కళ్ళు లేని ఆ ముఖం ఆదివారానికి నీళ్లయింది.

2023 జనవరిలో ఆమె బ్రెకెన్‌రిడ్జ్ వెళ్లింది, లైబ్రరీ ఆవిడతో కలిసి. ఆదివారం రాత్రి డెన్వర్‌లో పడుకుని, సోమవారం పొద్దున్నే పైకి ఎక్కారు. నేనూ వస్తానని అడిగాను. "ఈసారి వద్దండీ" అంది. విమానాశ్రయంలో దింపి వచ్చాను. గురువారం రాత్రి ఇంట్లో నాకు నిద్రపట్టలేదు. నాలుగింటికి ఫోను చూసుకున్నాను. ఫొటో లేదు, మెసేజ్ లేదు. ఉండకూడదనే కోరుకున్నాను.

శనివారం రాత్రి తీసుకురావడానికి వెళ్లాను. బయట వాన తుంపర, కారు అద్దాల మీద ఆవిరి. ముఖం ఎండకూ చలికీ కమిలి ఉంది, కళ్ళ కింద నిద్రలేమి. చాలాదూరం వచ్చాక అడిగాను, కళ్ళు ఎట్లా తీశారని.

"చెప్తే తెలీదండీ. చూడాల" అంది.

తర్వాత తన వైపు అద్దం మీద చూపుడువేలితో ఒక గీత గీసింది. పై రెప్ప. కింది రెప్ప గీయకుండానే అరచేత్తో తుడిచేసింది.